తిరుమల టికెట్: డబ్బు కట్ అయింది, బుకింగ్ కాలేదు.. ‘సర్వర్ డౌన్’ వెనుక ఉన్న డిస్క్ కథేంటి?

నెలలో 24వ తేదీ వస్తోందంటే తిరుపతి, చిత్తూరులోనే కాదు, హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలోని తెలుగు ఇళ్లలోనూ హడావుడి మొదలవుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో టీటీడీ రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను సాధారణంగా ఆ రోజు ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తోంది. మూడు నెలల తర్వాత చేసుకునే దర్శనానికి ఆ కొద్ది నిమిషాల్లోనే పోటీ నడుస్తుంది.

మీరు వెయిటింగ్ పేజీ దాటారు. తేదీ ఎంచుకున్నారు. ఇంట్లోవాళ్ల పేర్లు, వయసు, గుర్తింపు కార్డు నంబర్లు నింపారు. యూపీఐ పిన్ కొట్టారు. డబ్బు కట్ అయినట్లు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. టికెట్ మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు అందరూ అనే మాట ‘సర్వర్ డౌన్’.

ఆ రెండు మాటల వెనుక చాలా యంత్రాలు ఉంటాయి. అందులో మనకు అస్సలు కనిపించనిది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది డిస్క్. మీ బుకింగ్ చివరికి నమోదయ్యేది అక్కడే. చాలాసార్లు ఆ డిస్క్ సర్వర్‌లో కూడా ఉండదు. ఎక్కడో వేరేచోట ఉండి నెట్‌వర్క్ ద్వారా పనిచేస్తుంది. దాన్ని ఎలా అమర్చారన్నదాన్ని బట్టే రద్దీ సమయంలో వ్యవస్థ నిలబడుతుందా, కూలుతుందా అన్నది తేలుతుంది. దర్శనం టికెట్‌కే కాదు, కరెంటు బిల్లుకు, భూమి రికార్డుకు, రేషన్ కార్డుకు కూడా ఇదే సూత్రం.

ఇంతకీ ఆ డిస్క్ ఎక్కడ ఉంటుంది? దాన్ని ఎలా అమర్చాలి? అది మొరాయిస్తే మీ డబ్బు సంగతేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

టికెట్ ఎప్పుడు ‘ఖాయం’ అయినట్టు?

మీ ఫోన్‌లో కనిపించే టికెట్ ఒక ప్రతి మాత్రమే. అసలైనది డేటాబేస్‌లో ఉన్న ఒక వరుస. ఫలానా తేదీ, ఫలానా స్లాట్, ఫలానా వ్యక్తికి కేటాయించాం అని అందులో ఉంటుంది. అలిపిరి దాటి కొండపైకి వెళ్లాక క్యూలైన్ దగ్గర సిబ్బంది స్కాన్ చేసినప్పుడు సరిచూసేది ఆ వరుసనే.

ఆ వరుస సర్వర్ మెమరీలో ఉన్నంత మాత్రాన సరిపోదు. కరెంటు పోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది. అందుకే డేటాబేస్ ఒక నియమం పాటిస్తుంది. రాసిన వివరం డిస్క్‌కు చేరిందని రూఢి అయ్యాకే ‘బుకింగ్ పూర్తయింది’ అని జవాబిస్తుంది. సాంకేతిక భాషలో దీన్ని కమిట్ అంటారు.

పాతకాలపు వ్యాపారుల లెక్కలు గుర్తు తెచ్చుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. వారి దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. బేరం తెగిన వెంటనే వరుస క్రమంలో చిట్టాలో రాసేవారు. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతా వారికి ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జా పాడైనా చిట్టా ఉంటే లెక్క మళ్లీ తీయొచ్చు.

డేటాబేస్ కూడా అచ్చం అంతే. ముందు లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. ఆ తర్వాత డేటా ఫైళ్లు అనే ఆవర్జాలోకి ఎక్కిస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్.. ఏదైనా పద్ధతి ఇదే. మీరు ఫోన్‌లో తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చున్న ఆ క్షణాల్లో కొంత భాగం, చిట్టా రాత పూర్తికావడానికి పట్టే సమయమే.

డిస్క్ సర్వర్‌లో ఎందుకు ఉండదు?

మీ ల్యాప్‌టాప్‌లో డిస్క్ లోపలే ఉంటుంది. అది కాలిపోతే డిస్క్ కూడా పోయినట్టే. ముఖ్యమైన ప్రభుత్వ డేటాకు అది ప్రమాదం. అందుకే పెద్ద డేటా సెంటర్లలో లెక్కలు చేసే సర్వర్లు ఒకవైపు, డిస్కులు మరోవైపు పెడతారు. రెండింటినీ వేగవంతమైన నెట్‌వర్క్‌తో కలుపుతారు. సర్వర్‌కు మాత్రం అది తన సొంత డిస్క్‌లాగే కనిపిస్తుంది. దీన్నే నెట్‌వర్క్ బ్లాక్ స్టోరేజ్ అంటారు. బ్లాక్ అంటే డేటాను చిన్న చిన్న సమాన గళ్లుగా విడగొట్టి దాచడం.

దీనివల్ల లాభాలున్నాయి. సర్వర్ పాడైతే అదే డిస్క్‌ను మరో సర్వర్‌కు తగిలించి పని కొనసాగించొచ్చు. చోటు చాలకపోతే పెంచుకోవచ్చు. ఒక కాపీ పోయినా మరో కాపీ ఉండేలా స్టోరేజ్ వ్యవస్థే లోపల చూసుకుంటుంది.

ఇది కొత్తదేమీ కాదు. మామూలు నెట్‌వర్క్ మీదే డిస్క్‌ను నడిపే ఐస్కజీ అనే పద్ధతికి 2004లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అమెజాన్ తన క్లౌడ్‌లో ఈబీఎస్ పేరుతో ఇలాంటి డిస్కులను 2008లో తెచ్చింది. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ ఆ సంస్థ క్లౌడ్ రీజియన్ మొదలైంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు హైదరాబాద్‌లోనూ జాతీయ డేటా సెంటర్ ఉంది. పేర్లు వేరైనా డిస్కును దూరంగా పెట్టి వాడటం అన్నిచోట్లా మామూలే.

అయితే ఒక చిక్కుంది. దుకాణం గాంధీ రోడ్డులో, గోదాము రేణిగుంట దగ్గర ఉన్నట్టు ఊహించుకోండి. ప్రతి సరుకుకూ మనిషి వెళ్లి రావాలి. గోదాములో ఎంత చోటున్నా దారిలో ట్రాఫిక్ ఉంటే దుకాణంలో కొనుగోలుదారు నిలబడాల్సిందే. నెట్‌వర్క్ డిస్క్‌లో కూడా రానూపోనూ పట్టే సమయమే కీలకం.

ఎన్ని జీబీలని కాదు.. ఎన్ని రాతలని చూడాలి

ఫోన్ కొనేటప్పుడు మనం 128 జీబీనా, 256 జీబీనా అని అడుగుతాం. డేటాబేస్ డిస్క్‌కు ఆ లెక్క సరిపోదు. మూడు విషయాలు చూడాలి.

మొదటిది జాప్యం. ఒక్క రాత డిస్క్‌కు చేరి, చేరిందని జవాబు రావడానికి పట్టే సమయం ఇది. 2 మిల్లీసెకన్లు పడితే ఒకదాని తర్వాత ఒకటిగా సెకనుకు 500 రాతలు పడతాయి. అదే 10 మిల్లీసెకన్లకు పెరిగితే 100కు పడిపోతాయి. డేటాబేస్‌లు పలు బుకింగ్‌లను కలిపి ఒకేసారి చిట్టాకు ఎక్కిస్తాయి కాబట్టి వాస్తవంలో కొంత మేలు. అయినా జాప్యం పెరిగితే వెనుక క్యూ పెరగడం ఖాయం.

రెండోది సెకనుకు చేయగల రాత, చదువుల సంఖ్య. దీన్ని ఐఓపీఎస్ అంటారు.

మూడోది సెకనుకు మొత్తంగా ఎన్ని ఎంబీలు కదులుతాయన్నది.

ఉదాహరణకు అమెజాన్ జీపీ3 రకం డిస్క్‌కు అదనంగా డబ్బు కట్టకుండా వచ్చేది 3,000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ. మైఎస్‌క్యూఎల్ సాధారణంగా 16 కేబీ గళ్లలో డేటాను దాస్తుంది. 3,000ను 16 కేబీతో గుణిస్తే సెకనుకు 47 ఎంబీ దగ్గరకు వస్తుంది. అంటే 125 ఎంబీ పరిమితిలో సగం కూడా వాడకముందే రాతల సంఖ్య పరిమితి అడ్డుపడుతుంది. రాత్రిపూట బ్యాకప్ తీసేటప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. 256 కేబీ పెద్ద గళ్లలో చదివితే సెకనుకు 500 చదువులకే 125 ఎంబీ నిండిపోతుంది.

దర్శనం టికెట్ల వంటి బుకింగ్‌లో ఎక్కువగా ఉండేవి చిన్న చిన్న రాతలే. స్లాట్ పట్టి ఉంచడం, పేర్లు చేర్చడం, చెల్లింపు స్థితి మార్చడం.. ఒక్క టికెట్‌కే ఇన్ని. ‘మాకు టెరాబైట్ల కొద్దీ స్టోరేజ్ ఉంది’ అని ఏ ఆఫీసు చెప్పినా, 10 గంటల రద్దీకి అది జవాబు కాదు.

10 గంటలకు మొదలై.. 33 నిమిషాలకు ఆగితే?

కొన్ని క్లౌడ్ డిస్కులు ‘బరస్ట్’ పద్ధతిలో పనిచేస్తాయి. మామూలుగా నెమ్మదిగా ఉంటూ, ఖాళీ సమయంలో పాయింట్లు కూడబెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు వాటిని ఖర్చు చేస్తూ వేగంగా పరిగెడతాయి. పాయింట్లు అయిపోతే మళ్లీ నత్తనడకే.

అమెజాన్ పాత రకం జీపీ2 డిస్క్ లెక్క చూడండి. 1 జీబీకి 3 ఐఓపీఎస్ చొప్పున ఇస్తుంది. 100 జీబీ డిస్క్‌కు 300. బరస్ట్‌లో 3,000 వరకు వెళ్లగలదు. పూర్తిగా నిండిన ఖాతాలో 54 లక్షల పాయింట్లు ఉంటాయి. 3,000 వేగంతో నడిస్తే సెకనుకు నికరంగా 2,700 పాయింట్లు కరుగుతాయి. అంటే సరిగ్గా 2,000 సెకన్లు, దాదాపు 33 నిమిషాలు. ఆ తర్వాత వేగం పదో వంతుకు పడిపోతుంది.

ముందురోజు ఇంజినీర్లు 15 నిమిషాలు పరీక్షించి ‘బాగా పనిచేస్తోంది’ అని సంతకం పెట్టి ఉండొచ్చు. అసలు రోజు 10 గంటలకు మొదలైన రద్దీ అరగంట దాటితే కథ మారిపోతుంది. అందుకే రద్దీ పరీక్ష అసలు రద్దీ కన్నా ఎక్కువసేపు జరగాలి. బరస్ట్ లేకుండా స్థిరంగా ఇచ్చే వేగాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. డిస్క్‌కు ఒక పరిమితి ఉన్నట్టే, దాన్ని వాడే సర్వర్‌కూ స్టోరేజ్‌తో మాట్లాడే వేగానికి ఒక పరిమితి ఉంటుంది. ఖరీదైన డిస్క్ కొని చిన్న సర్వర్‌కు తగిలిస్తే, పెద్ద ట్యాంకుకు సన్న పైపు బిగించినట్టే. డబ్బు పోతుంది, నీళ్లు రావు.

అమర్చేటప్పుడు చూడాల్సినవి ఇవే

మీరు ఐటీలో పనిచేస్తున్నా, మీ సంస్థకు ఒక చిన్న బుకింగ్ వ్యవస్థ ఉన్నా ఈ జాబితా పనికొస్తుంది. లేకున్నా మంచి వ్యవస్థకు, అతుకుల బొంతకు తేడా ఏమిటో తెలుస్తుంది.

చిట్టాకు వేరే డిస్క్: లాగ్‌కు ఒకటి, డేటా ఫైళ్లకు ఒకటి పెడితే పెద్ద నివేదిక తీస్తున్నప్పుడు కూడా బుకింగ్‌ల రాత ఆగదు. బ్యాకప్ ఫైళ్లను ఈ రెండింటిలో దేనిలోనూ పెట్టకూడదు.

ఒక డిస్క్, ఒకే సర్వర్: మామూలు ఫైల్ సిస్టమ్ ఉన్న ఒకే డిస్క్‌ను రెండు సర్వర్లు ఒకేసారి రాయడానికి తెరిస్తే డేటా చెడిపోతుంది. ఒకే చిట్టాలో ఇద్దరు గుమాస్తాలు ఒకరినొకరు చూసుకోకుండా రాసినట్టు అవుతుంది. రెండు సర్వర్లు కావాలంటే డేటాబేస్ స్వయంగా నకలు పంపే రెప్లికేషన్ వాడాలి.

రెండు దారులు: సొంత డేటా సెంటర్‌లో అయితే సర్వర్ నుంచి స్టోరేజ్‌కు రెండు వేర్వేరు కేబుళ్లు, రెండు వేర్వేరు స్విచ్‌లు ఉండాలి. ఒకటి తెగితే రెండోదాని మీద పని సాగాలి. దీన్ని మల్టీపాత్ అంటారు. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌లోకి వెళ్తే రెండు దారులు ఉన్నా లేనట్టే.

స్టోరేజ్‌కు ప్రత్యేక నెట్‌వర్క్: భక్తుల ఫోన్ల నుంచి వచ్చే ట్రాఫిక్, డిస్క్ ట్రాఫిక్ ఒకే దారిలో ఉంటే రద్దీ పెరిగిన కొద్దీ రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పెద్ద ప్యాకెట్లు వాడాలనుకుంటే సర్వర్, స్విచ్, స్టోరేజ్ మూడింటిలోనూ ఒకే సైజు పెట్టాలి. ఒక్కచోట మరిచినా అంతుచిక్కని జాప్యాలు మొదలవుతాయి.

డిస్క్‌కు స్థిరమైన గుర్తింపు: సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు డిస్కుల పేర్లు తారుమారు కావచ్చు. అందుకే పేరుతో కాకుండా యూయూఐడీ అనే శాశ్వత గుర్తింపుతో జోడించాలి. నెట్‌వర్క్ వచ్చాకే డిస్క్, డిస్క్ వచ్చాకే డేటాబేస్ మొదలయ్యేలా చూడాలి. లేదంటే డిస్క్ రాకముందే డేటాబేస్ లేచి, ఖాళీ ఫోల్డర్‌లో కొత్తగా రాయడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

రాశానన్నది నిజమేనా: డిస్క్‌కు చేరిందని రూఢి చేసుకునే ఆదేశాన్ని లైనక్స్‌లో ఎఫ్‌సింక్ అంటారు. వేగం కోసం కొందరు దాన్ని ఆపేస్తారు. డబ్బు, టికెట్ల వ్యవహారంలో అది చేయకూడని పని. ఈ విషయంలో నిపుణులే ఒకసారి ఉలిక్కిపడ్డారు. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమై, రెండోసారి అడిగితే లైనక్స్ ‘అంతా సరే’ అని చెప్పే వీలుందని, మధ్యలో డేటా పోవచ్చని 2018లో పోస్ట్‌గ్రెస్ బృందం దృష్టికి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణలతో, అలాంటి వైఫల్యం ఎదురైతే డేటాబేస్ వెంటనే ఆగి, చిట్టా ఆధారంగా లెక్క సరిచేసుకునేలా మార్చారు. నెట్‌వర్క్ డిస్కుల్లో దారి తెగడం, చోటు నిండటం వంటివి జరుగుతాయి కాబట్టి పాత వెర్షన్లతో కాలం వెళ్లదీయడం ప్రమాదం.

తాళం: బుకింగ్‌లో మీ పేరు, వయసు, గుర్తింపు నంబరు ఉంటాయి. డిస్క్ మీదున్న డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. తాళం చెవి అదే సర్వర్‌లో పెట్టకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 కూడా డేటాను భద్రంగా ఉంచే బాధ్యతను దాన్ని సేకరించే సంస్థపైనే పెట్టింది.

నెట్‌వర్క్ తడబడితే ఏమవుతుంది? 2011 పాఠం

2011 ఏప్రిల్ 21న అమెరికా తూర్పు తీరంలోని అమెజాన్ డేటా సెంటర్లలో నెట్‌వర్క్ సామర్థ్యం పెంచే పని చేపట్టారు. ట్రాఫిక్‌ను పక్కకు మళ్లించేటప్పుడు పొరపాటున తక్కువ సామర్థ్యం ఉన్న నెట్‌వర్క్‌లోకి పంపారు. డిస్కులు తమ నకళ్లతో సంబంధం కోల్పోయాయి. నెట్‌వర్క్ సరిచేశాక అసలు సమస్య మొదలైంది. వేల డిస్కులు ఒకేసారి ‘నా నకలు పోయింది, కొత్త చోటు కావాలి’ అని వెతుక్కోవడంతో ఉన్న ఖాళీ అయిపోయింది.

ఆ జోన్‌లో దాదాపు 13 శాతం డిస్కులు ఇరుక్కుపోయాయని సంస్థే తర్వాత వెల్లడించింది. చాలావరకు తిరిగొచ్చినా 0.07 శాతం డిస్కులను కోలుకునేలా చేయలేకపోయింది. చిన్న సంఖ్యే. కానీ ఆ డిస్క్ మీదే అయితే అది నూటికి నూరు శాతం.

ఇందులో డేటాబేస్‌లకు ప్రత్యేక పాఠం ఉంది. వేగం కోసం ఒక డేటాబేస్‌ను నాలుగు డిస్కుల మీద పరిస్తే, వాటిలో ఒక్కటి ఆగినా మొత్తం ఆగుతుంది. అందుకే నకలు డేటాబేస్ వేరే జోన్‌లో, వేరే భవనంలో సిద్ధంగా ఉండాలి. అసలుది ఆగితే దానికి ఎన్ని నిమిషాల్లో మారతారో ముందే సాధన చేసి ఉండాలి.

‘స్నాప్‌షాట్ తీస్తున్నాం’ అంటే సరిపోతుందా?

నెట్‌వర్క్ డిస్క్‌లో ఒక బటన్ నొక్కితే ఆ క్షణపు ప్రతిబింబం తీయొచ్చు. దీన్ని స్నాప్‌షాట్ అంటారు. ఇది సౌకర్యమే. కానీ మూడు షరతులున్నాయి.

చిట్టా, ఆవర్జా వేర్వేరు డిస్కుల్లో ఉంటే రెండింటి స్నాప్‌షాట్ ఒకే క్షణంలో తీయాలి. ఐదు నిమిషాల తేడా ఉంటే లెక్క పొసగదు. స్నాప్‌షాట్‌లు అసలు డిస్క్ ఉన్న చోటే, అదే పాస్‌వర్డ్ కింద ఉంటే దాడి చేసినవాడు రెండింటినీ తుడిచేయగలడు. ఇక స్నాప్‌షాట్ నుంచి తెచ్చిన డిస్క్ కొన్ని క్లౌడ్‌లలో మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, డేటా అడిగిన కొద్దీ వెనుక నుంచి వస్తుంది కాబట్టి. ఆ జాప్యాన్ని కూడా లెక్కేసుకోవాలి.

ఇవి ఊహాజనిత భయాలు కావు. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ వ్యవస్థలపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. బాధిత సంస్థల్లో తిరుపతి కేంద్రంగా పనిచేసే ఏపీఎస్‌పీడీసీఎల్ కూడా ఉంది. డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ఇలాంటి దాడిలో, దాడి చేసినవారి చేయి చేరని చోట ఉన్న బ్యాకప్ ఒక్కటే దిక్కు.

కాగితానికీ ఇదే కష్టం. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో భాగమైన మదనపల్లెలో 2024 జులై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఒకే చోట, ఒకే ప్రతి ఉంటే ఒక రాత్రి చాలు. కంప్యూటరీకరణతో ఆ ప్రమాదం దానంతటదే పోదు.

దక్షిణ కొరియా అనుభవమే అందుకు రుజువు. 2025 సెప్టెంబరు 26న దెజాన్‌లోని జాతీయ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచి వందలాది ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్ల డేటా పోయింది. పరిమాణం మరీ ఎక్కువ కావడంతో దానికి బయట బ్యాకప్ లేదని అధికారులు చెప్పారు. డిజిటల్ పాలనలో ప్రపంచానికే పాఠాలు చెప్పే దేశంలో జరిగిన సంగతి ఇది.

అందుకే నిపుణులు ‘3-2-1’ అంటారు. డేటాకు మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్లో. దానికి మరో మాట చేర్చాలి. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు.

డిస్క్ మార్చకుండా రద్దీ తగ్గించలేరా?

తగ్గించొచ్చు. టీటీడీ ఆర్జిత సేవల్లో కొన్నింటికి అనుసరిస్తున్న లక్కీడిప్ పద్ధతి అందుకు మంచి ఉదాహరణ. ‘ముందు వచ్చినవారికే’ అంటే అందరూ ఒకే నిమిషంలో వస్తారు. పేర్ల నమోదుకు రెండు మూడు రోజులు గడువిచ్చి తర్వాత డ్రా తీస్తే, అవే రాతలు గంటల మీద పరుచుకుంటాయి. డిస్క్‌కు ఊపిరి ఆడుతుంది. వేగమైన ఇంటర్నెట్ లేనివారికీ సమాన అవకాశం దక్కుతుంది.

వెయిటింగ్ పేజీ చేసేదీ అదే. డేటాబేస్ మోయగలిగినంత మందినే లోపలికి పంపి, మిగిలినవారిని బయట కూర్చోబెడుతుంది. విసుగు పుట్టించినా అది లేకపోతే ఎవరికీ టికెట్ రాదు.

ఆన్‌లైన్ వ్యవస్థ నమ్మకంగా నడవడం ఎంత ముఖ్యమో తిరుపతికి వేరే చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నగరంలోని కౌంటర్ల దగ్గర జనం గుమిగూడినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు చనిపోయారు. ఫోన్‌లో పని జరుగుతుందన్న భరోసా ఉంటే రోడ్డు మీద నిలబడాల్సినవారి సంఖ్య తగ్గుతుంది. ఆ భరోసా కనిపించని డిస్క్ దగ్గర మొదలవుతుంది.

డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే ఏం చేయాలి?

డబ్బు లెక్క మీ బ్యాంకు డేటాబేస్‌లో, టికెట్ లెక్క మరో డేటాబేస్‌లో ఉంటాయి. ఒకటి రాసి రెండోది రాయకముందే ఎక్కడో ఆలస్యమైతే రెండు లెక్కలూ కలవవు. డిస్క్ జాప్యం అందుకు ఒక కారణం. పేమెంట్ గేట్‌వే, బ్యాంకు, మీ నెట్‌వర్క్ కూడా కారణం కావచ్చు. కారణం ఏదైనా మీరు చేయాల్సినవి ఇవి.

- వెంటనే రెండోసారి డబ్బు కట్టకండి. ముందు అధికారిక వెబ్‌సైట్ లేదా యాప్‌లో మీ బుకింగ్ హిస్టరీ చూడండి. కొన్నిసార్లు టికెట్ ఆలస్యంగా కనిపిస్తుంది.
- లావాదేవీ నంబరు, సమయం, స్క్రీన్‌షాట్ దాచుకోండి.
- రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, యూపీఐతో వ్యాపార సంస్థకు చేసిన చెల్లింపులో మీ ఖాతా నుంచి డబ్బు పోయి అవతలివారికి నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినా గడువు 5 రోజులే.
- రాకపోతే ముందు మీ బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.
- ‘రీఫండ్ ఇప్పిస్తాం’ అంటూ లింకు పంపేవారిని, ఓటీపీ అడిగేవారిని నమ్మకండి. డబ్బు వెనక్కి రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

ప్రభుత్వ ఆఫీసును ఏం అడగొచ్చు?

‘మీ సర్వర్ ఎందుకు డౌన్ అయింది?’ అని అడిగితే ‘సాంకేతిక కారణాల వల్ల’ అనే జవాబు వస్తుంది. ప్రశ్న సూటిగా ఉంటే జవాబూ సూటిగా రావాలి. సమాచార హక్కు చట్టం 2005 కింద సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. భద్రతకు సంబంధించిన లోతైన వివరాలు ఇవ్వకపోవచ్చు. కానీ ఈ నాలుగు ప్రశ్నలకు ఆ అభ్యంతరం ఉండాల్సిన పనిలేదు.

1. గత ఏడాదిలో ఈ ఆన్‌లైన్ సేవ మొత్తం ఎన్ని గంటలు ఆగింది?
2. బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చి చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఎంత సమయం పట్టింది?
3. ప్రధాన డేటా సెంటర్ పూర్తిగా ఆగితే ఎన్ని గంటల్లో సేవ మొదలవుతుంది? గరిష్ఠంగా ఎన్ని నిమిషాల డేటా పోవచ్చు?
4. డబ్బు తీసుకుని సేవ అందని లావాదేవీలు ఎన్ని? వాటిలో ఎన్నింటికి గడువులోగా రీఫండ్ అయింది?

ఒక సంస్థ డిస్కులకు ఎంత ఖర్చు పెట్టిందన్నదాని కన్నా, రెండో ప్రశ్నకు తేదీతో సహా జవాబు చెప్పగలదా లేదా అన్నదే దాని సన్నద్ధతను బయటపెడుతుంది.